చైనా మాస్టారి ఫొటోకి కాపలా

ఉదయ్‌కుమార్ పుట్టింది మద్దిలపాలెంలో, బస్సు డిపో వెనక సందులో. తండ్రి నేపాల్ నుంచి వచ్చి, రాత్రిళ్లు వీధుల్లో ఈల ఊదుకుంటూ తిరిగిన గూర్ఖా. తల్లి సూర్యకాంతమ్మది ఆనందపురం, డిపో ముందు పూలు అమ్మేది. వీడికి మొహం తండ్రిది, నోరు తల్లిది వచ్చాయి. పుట్టి పెరిగిన ఊరు ఆ మొహాన్నే చూసింది గానీ ఆ మాట ఏనాడూ వినలేదు. సిటీ బస్సులో కండక్టరు కూడా వీడితో హిందీలోనే మాట్లాడతాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది, వాడు మాత్రం నవ్వేవాడు.

మా మ్యూజియంలో వాడు సెక్యూరిటీ గార్డు, నేను టికెట్లిస్తాను. కిందటేడు పోయిన దేవీప్రసాద్ మాస్టారి పేరు మీద మా దగ్గర ప్రదర్శన పెట్టారు. చైనా భాష, చరిత్ర చదువుకున్నవాళ్లలో ఆయనంతటి పండితుడు అరుదు. ఆయన పుస్తకాలు, రాసుకునే కుంచెలు, టీ కప్పులు అద్దాల పెట్టెల్లో సర్దాం. అంతటి పండితుడూ ఓసారి పప్పులో కాలేశాడు. గేటు దగ్గర ఉదయ్‌ని చూసి చైనా భాషలో పలకరించాడు. "నాకు తెలుగే వచ్చండి మాస్టారూ," అన్నాడు వీడు. ఆయన అక్కడికక్కడే చెంపలేసుకున్నాడు. అప్పట్నుంచీ ఎప్పుడొచ్చినా వీడి పక్కన కూర్చుని టీ తాగాకే లోపలికెళ్లేవాడు. అందుకే ఈ ప్రదర్శన కాపలా ఉదయ్ అడిగి మరీ వేయించుకున్నాడు.

ఇంతలో చైనా సరిహద్దులో మన జవాన్లు చనిపోయారని టీవీలో వచ్చింది. మధ్యాహ్నానికి ఓ గుంపు ఇనుప రాడ్లతో మా మీద పడింది. మాస్టారి నిలువెత్తు ఫొటో కింద 'చైనా' అన్న రెండక్షరాలు చాలు వాళ్లకి. మిగతాది చదివే ఓపిక ఏ గాడిదకుంటుంది? మొదటి అద్దం భళ్లున పగిలింది. ఉదయ్ చేతులు చాచి ఫొటోకి అడ్డం నిలబడ్డాడు.

"సైనావోడు దొరికేసినాడ్రా!" అని ఎవడో అరిచాడు.

రాడ్డు మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నా బల్ల దాకా వినిపించింది. జుట్టు పట్టి గాజుపెంకుల మీద ఈడ్చారు. పొట్టలో తన్నారు, నోటి మీద తన్నారు. అడ్డం వెళ్లిన నన్నొకడు గోడకి నొక్కిపెట్టాడు. వాడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను.

"ఓరి నాయనో, సంపేత్తన్నార్రా! నాను సైనావోణ్ని కాదురా బావా, మద్దిలపాలెపోణ్ని!" అని కేకపెట్టాడు ఉదయ్.

వాడి తల మీదికి లేచిన రాడ్డు గాల్లోనే ఆగింది. "ఏటీ? ఆగండ్రా! 'సైనా' అంటన్నాడు, ఇనలేదా? సైనావోడికి మన మాట ఎలాగొత్తాది? మనోడేరా!" అన్నాడు ఆ రాడ్డు పట్టుకున్నవాడు.

వాడి పేరు సాయిశంకర్, ఊరు గాజువాక అని తర్వాత తెలిసింది. రాడ్డు కింద పడేసి గొంతుక్కూర్చుని, తన కండువాతోనే ఉదయ్ నెత్తురు తుడిచాడు. వాటర్ బాటిల్ నోటికందించాడు. "తెలీక కొట్టేసినాం బావా, ఏటనుకోకు. ఆటో పిలుత్తాను, ఆస్పత్రికెల్దాం." కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి వెధవకి.

ఉదయ్ నీళ్లు తాగలేదు. "నాను మనోణ్ని కాకపోతే?" అని అడిగాడు.

"అప్పుడు వొదులుతామేటి బావా?" అన్నాడు సాయిశంకర్, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఉదయ్ బాటిల్ని తోసేశాడు. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, గోడకి వీపు ఆన్చుకుంటూ లేచి, మాస్టారి ఫొటో ముందుకెళ్లి మళ్లీ నిలబడ్డాడు.

"అయితే నాను సైనావోణ్నే. రా, కొట్టు," అన్నాడు.