తోర్వా చర్చిలో తిరిగే అద్దాలు

విజయనగరంలో పిల్లలకు డ్రాయింగు నేర్పే నాకు బొమ్మ కదులుతుందంటే ఆసక్తి. బిలాస్‌పూర్‌లో మా అప్పన్న బావ అద్దాల మీద క్రీస్తు బొమ్మలు వేసి, మ్యాజిక్ లాంతరుతో తెర మీద ఆడిస్తున్నాడని తెలిసిన రైలు గార్డు ఒకాయన చెప్పాడు. ఈస్టరు సెలవులు రాగానే బయల్దేరాను. రాయపూర్ పాసింజరు ఎక్కి, అక్కడ బండి మారితే మర్నాడు పొద్దెక్కేసరికి బిలాస్‌పూర్ చేరవచ్చు. స్టేషన్లో పూరీలు వేడిగా దొరుకుతాయి.

దిగింది మావయ్య క్వార్టర్లో. ఆయన రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. బావ ఆయన ఒక్కగానొక్క కొడుకు. అతను బాప్తిస్మం తీసుకుని జాన్ అయిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. బావ ఉండే తోర్వా ఆ క్వార్టర్లకు దగ్గరే.

"ఎక్కడికెల్తన్నావు?" అన్నాడు మావయ్య, నేను అన్నం తిని చెప్పులేసుకుంటుంటే.

"బావ దగ్గరికి."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

టాంగా రెండణాలు. చర్చి పేరు చెప్పబోతే తోలేవాడే అందుకున్నాడు: "అచ్ఛా, చల్తీ తస్వీర్ వాలా గిర్జా?" కదిలే బొమ్మల చర్చి అని ఊరంతా దానికి పేరు పడిపోయింది.

పెంకుల కప్పు కింద ఒకటే పొడుగాటి గది. బావ బల్ల మీద అద్దాలు పరిచి చూపించాడు. చేప, లంగరు, పావురం విడివిడి పలకల మీద ఉన్నాయి. చివరిది మాత్రం వేరు. కదలని అద్దం మీద క్రీస్తుకు గుర్తుగా తెల్లని గొర్రెపిల్ల. దాని వెనక వంపు గీతలతో రంగులద్దిన రెండు గుండ్రటి అద్దాలు. పిడి తిప్పితే అవి ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. అప్పుడు గొర్రెపిల్ల దగ్గర వెలుగు పుట్టి అంచులదాకా పారుతున్నట్టు కనిపిస్తుందట.

"దేవుడికి మొదలూ తుదీ లేవని నోటితో చెప్తే జనం తలూపి ఎల్లిపోతారు," అన్నాడు. "కంటికి కనిపించాల."

కానీ పిడి దగ్గరి పళ్ల చక్రం అరిగిపోయింది. పోయిన ఆదివారం వెలుగు మధ్యలో ఆగిపోతే జనం నవ్వారట. ఇంకోసారి అలా అయితే ఆ అద్దం పక్కన పెట్టెయ్యమని పాస్టరుగారు చెప్పేశారు. ఆ సాయంత్రం ప్రదర్శనకి పక్క ఊళ్లు కర్గీ రోడ్ నుంచీ తఖత్‌పూర్ నుంచీ కూడా జనం రాబోతున్నారు.

"మావయ్యకి చూపిస్తాను," అన్నాను.

"ఆయన ముట్టుకోడు," అన్నాడు బావ. అయినా చక్రం ఊడదీసి గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

క్వార్టరుకి తెచ్చి ఇస్తే మావయ్య దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "ఎవుడు పంపినాడు?"

"నేనే తెచ్చాను."

అరిగిన పళ్ల చోట ఇత్తడి పిన్నులు దిగ్గొట్టి, ఆకురాయితో రాసి నున్నగా చేశాడు. పని అయ్యేసరికి ఎండ వాలింది. తీసుకోబోయాను. ఇవ్వలేదు. "బిగించడం వాడికేటి తెలుసు?" అని చొక్కా తొడుక్కున్నాడు.

చర్చి గుమ్మంలో చెప్పులు విప్పాడు. బావ లేచి నిలబడి, "నాన్నా" అన్నాడు.

"లాంతరెక్కడ?" అన్నాడు మావయ్య.

కొత్త పిన్నులు బిగువుగా ఉన్నాయి, చెయ్యి అదిరితే చక్రం పట్టేస్తుందని పిడి ఆయనే పట్టుకున్నాడు. చీకటి పడగానే బావ తెర పక్కన నిలబడి హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. చేప వచ్చింది, పావురం వచ్చింది. చివరికి గొర్రెపిల్ల. ఎర్రగా, పచ్చగా, బంగారంగా వెలుగు దాని చుట్టూ పుడుతూ పారుతూనే ఉంది. ఎవరూ నవ్వలేదు. పాట ఎత్తుకున్నారు. పాట అయ్యాక, ఇక ఆపమని బావ చెయ్యెత్తాడు. మావయ్య ఆపలేదు. చూపు తెర మీదే ఉంది, చెయ్యి తిరుగుతూనే ఉంది. బావ కాసేపు ఆయన్నే చూసి, ఎత్తిన చెయ్యి దించేశాడు. జనం పాట మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.

బయట చెప్పులేసుకుంటూ మావయ్య అన్నాడు: "వారం వారం నూనె పడాల దానికి. ఆదివారం డ్యూటీ దిగీసి వొస్తాను."

"సరే నాన్నా," అన్నాడు బావ.

నాది ఆ మతం కాదు. రంగు నూరిన తీరూ, అద్దాలు తిరిగే తీరూ బల్ల మీద విప్పి చూసినవాణ్ణే. అయినా తెర మీద ఆ వెలుగు ఎక్కడ మొదలవుతోందో పట్టుకుందామని ఎంతసేపు చూసినా పట్టుకోలేకపోయాను. తిరుగు ప్రయాణంలో బండి ఊగుతుంటే కళ్లు మూసుకున్నా అది పారుతూనే ఉంది. బావ చెప్పదలచుకున్నది నాకు ఎంత అందిందో తెలియదు. మావయ్యకు ఎంత అందిందో నేను అడగలేదు.

చూడబోయేవారికి ఒక మాట: పైఊరివారిని మర్యాదకి ముందు బెంచీ మీద కూర్చోబెడతారు. వద్దని చెప్పి, వెనక లాంతరు పక్కన చోటడగండి. అక్కడి నుంచి తెరా కనిపిస్తుంది, పిడి తిప్పే మనిషి మొహమూ కనిపిస్తుంది.