అనుమానం కాదయ్యా, సందేగం

కరోనా లాక్‌డౌన్లు ఎత్తేసిన మరుసటి ఏడు. తిరుప్పూరులో పిల్లల టీషర్టులు కుట్టి పైదేశాలకు పంపే ఒక కంపెనీలో నేను ఇంగ్లీషు ఉత్తరాలు చూసేవాణ్ణి. ఆ ఊరి నుంచి బయటి దేశాలకు పోయే ప్రతి ఇంగ్లీషు వాక్యమూ నా చేతి మీదుగానే పోయేది. మరీ ప్రతి వాక్యమూ కాదు లెండి, మా కంపెనీవి. అందులోనూ నేను రాసింది అట్టపెట్టెల మీది అడ్రసులే. ఉత్తరాలు మర్చండైజర్లు రాసేవాళ్ళు, నేను చదివి తల ఊపేవాణ్ణి.

మర్చండైజర్ అంటే కొనేవాళ్ళకీ కుట్టేవాళ్ళకీ నడుమ నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినే మనిషి. ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చింది విజయ. అన్నూరు పక్క పిల్ల. ఇంట్లో మాలాగే తెలుగు, చదువంతా తమిళంలో. అంతకుముందు చెకింగ్ టేబుల్ దగ్గర, కుట్టిన బట్టల్లో లోపాలు వెతికే పని చేసేది. ఆమె చురుకు చూసి ముదలాళి, అంటే మా యజమాని, పైకి తెచ్చాడు. తెస్తూనే ఒక షరతు పెట్టాడు: "నీ ఇంగ్లీషు గురించి బయ్యర్ ఒక్క మాటన్నాడా, మళ్ళా టేబుల్‌కే పోవాల."

ఆ భయంతో విజయ కంప్యూటర్‌లో గ్రామర్ చెకర్ పెట్టుకుంది. మనం రాసిన ఇంగ్లీషులో తప్పుంటే కింద ఎర్ర గీత గీసి, పక్కన సరైన వాక్యం చూపించే సాఫ్ట్‌వేర్ అది. 'యాక్సెప్ట్' నొక్కితే తానే దిద్దేస్తుంది. నాకది నచ్చలేదు. నాకు రావలసిన మర్యాద దానికి పోతోంది మరి.

ఒకరోజు కొత్త ఆర్డర్‌కు సైజ్ చార్ట్ వచ్చింది. చొక్కాలో ఏ భాగం ఎంత కొలత ఉండాలో చెప్పే పట్టిక. విజయ టేపు తీసి గుండ్రంగా పట్టుకుని నాకు చూపించింది.

"తాతా, ఈ మెడ చూడు. బిడ్డ తల దూరుతాదా దీంట్లో?"

"తెల్లోళ్ళ బిడ్డలకు తల చిన్నదేమో అమ్మిణీ."

"ఎగతాళి చాలు తాతా. అడిగి రాస్తా."

రాసింది: "ఐ యామ్ హావింగ్ వన్ డౌట్ ఇన్ యువర్ సైజ్ చార్ట్." వాక్యమంతా ఎర్రబడింది. యాక్సెప్ట్ నొక్కింది. "ఐ హావ్ డౌట్స్ అబౌట్ యువర్ సైజ్ చార్ట్" అని తయారైంది. నేను తల ఊపాను. పంపేసింది.

మర్నాడు జవాబు నేరుగా ముదలాళికే వచ్చింది. మా చార్ట్ మీద మీకు నమ్మకం లేకపోతే ఈ ఆర్డర్ ఇంకొకరికి ఇచ్చుకుంటాం అని బయ్యర్ కంపెనీ మేడం రాసింది. ముదలాళి విజయ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమమ్మిణీ, అన్నం పెట్టేవాళ్ళ మీదే అనుమానమా నీకు?"

"అనుమానం యాడిదయ్యా! సందేగం. అడిగి తెలుసుకుందామని."

"రెండూ ఒకటేగా!"

"ఎట్లయ్యా ఒకటవుతాది? అనుమానం మనిషి మీద. సందేగం పని మీద."

"అదంతా నాకొద్దు. సాయంత్రం లోపల సరిచెయ్. లేకుంటే టేబుల్ నీకోసం చూస్తా ఉండాది."

సరిగ్గా అప్పుడే నాకు వెలిగింది. అలాగని అందరికీ చెబుతుంటాను. వెలిగింది విజయకు. తను రాసిన వాక్యాన్నీ, యంత్రం దిద్దినదాన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసింది.

"బడిలో లేచి 'సార్, డౌట్' అంటామే తాతా, అది సందేగం. ఈ మేడానికి అనుమానంగా వినబడినట్టుండాది."

ఉద్యోగమంతా నేను డౌట్లున్న ఉత్తరాలకు తల ఊపుతూనే వచ్చాను. ఎవరూ కోప్పడలేదు. ఎందుకో ఆ రోజు అర్థమైంది. అవన్నీ వంకర ఇంగ్లీషు. చదివినవాళ్ళు, పాపం ఏదో అడుగుతున్నారని సర్దుకునేవాళ్ళు. విజయ వాక్యంలో అలా సర్దుకోవడానికి వంకరే మిగల్లేదు. అంత చక్కటి ఇంగ్లీషులో వచ్చిన మాటను ఆ మేడం ఉన్నదున్నట్టే తీసుకుంది.

విజయ మళ్ళీ రాసింది: "ఇన్ అవర్ హౌస్ లాంగ్వేజ్, డౌట్ ఈజ్ ఫర్ ఆస్కింగ్ ఓన్లీ, నాట్ ఫర్ సస్పెక్టింగ్. నెక్ ఈజ్ లుకింగ్ స్మాల్. బేబీ విల్ క్రై." తెరంతా ఎర్ర గీతలు.

దాన్ని అలాగే పంపమని ధైర్యం చెప్పింది నేనేనని పెళ్ళి పందిళ్ళలో చాలాసార్లు చెప్పాను. నిజానికి "యాక్సెప్ట్ నొక్కు అమ్మిణీ, కంపెనీ పరువు పోతాది" అని ఆమె వెనకాల నిలబడి గోల పెట్టింది నేను.

"ఇస్త్రీ చేసే కదా తాతా ఇంత దూరం తెచ్చుకొంటిమి. ముడతలు ఉండనీ" అని పంపేసింది.

సాయంత్రం సైరన్ మోగకముందే జవాబొచ్చింది. చార్ట్‌లో చిన్న సైజు మెడ కొలత పెద్ద సైజు వరుసలో పడిందట. చివర ఆ మేడం ఇలా రాసింది: "నౌ వుయ్ ఆర్ ఆల్సో హావింగ్ వన్ డౌట్. ప్లీజ్ సెండ్ ఎ సాంపిల్." ముదలాళి రెండుసార్లు చదివి, సాంపిల్ కుట్టమని కిందికి చెప్పి వెళ్ళిపోయాడు. విజయ కుర్చీ విజయకే ఉండిపోయింది.

గ్రామర్ చెకర్‌ను ఆమె తీసేయలేదు. తెలియని చోట అది చాలా నేర్పుతుంది. కాకపోతే యాక్సెప్ట్ నొక్కబోయే ముందు, దిద్దిన వాక్యాన్ని ఇంటి మాటల్లో ఒకసారి పైకి చెప్పుకుంటుంది, తను అడగాలనుకున్నది అదేనా అని. నేనూ ఆ అలవాటు చేసుకున్నాను.

అన్నట్టు, ఆ మేడం రాసిన వాక్యాన్ని ఒకరోజు ఆ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశాను. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే మనిషి వాక్యం కింద మొదలు నుంచి చివరిదాకా ఎర్ర గీత గీసింది. మొదలు నుంచి కాదు లెండి. 'హావింగ్ వన్ డౌట్' కింద మాత్రమే.