పుష్పవల్లి కంప్యూటరు, స్తంభం మీది మనిషి

ఫిలిం నగర్‌లో పుష్పవల్లి ఎవర్నీ ఊరికే నమ్మేది కాదు. పాల పాకెట్టు చేతికిస్తే తేదీ చూసేది. కూరగాయల బండివాడు తక్కెడ ఎత్తితే కాటా వైపు కాదు, వాడి చిటికెనవేలి వైపు చూసేది.

"దేవుడు ఎదురొచ్చినా గుర్తింపు కార్డు అడుగుతవ్ గదనే నువ్వు!" అని కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు కొమురమ్మ నవ్వేది.

"అడగొద్దా మరి? దేవుడి వేషాలేసుకుని టీ తాగేవాళ్ళ మధ్య ఉంటూ!" అనేది పుష్పవల్లి.

ఆవిడది రేపల్లె దగ్గర పల్లె. డబ్బింగుల్లో సంతలో జనం గోల, పెళ్ళిలో ఆడవాళ్ళ గుసగుసలు చెప్పడానికి హైదరాబాదు వచ్చింది. కొన్నేళ్ళకి గొంతు బొంగురుపోయింది. అప్పుడే ఊరంతా కంప్యూటరు జ్వరం. అమీర్‌పేటలో పిల్లలంతా ఏవేవో కోర్సులు నేర్చుకుంటుంటే, నలభై అయిదేళ్ళ పుష్పవల్లి వాళ్ళ పక్కనే బెంచీ మీద కూర్చుని తెలుగు టైపు నేర్చుకుంది. వాయిదాల మీద ఒక కంప్యూటరు కొని మేడ మీద గదిలో పెట్టుకుంది. సినిమా రచయితలు చేత్తో రాసిన డైలాగు కాగితాలు తెచ్చిస్తే అచ్చులా కొట్టి ఇచ్చేది. ఆవిడ గదిలోంచి ఒక్క కథ కూడా బయటికి పొక్కలేదని పేరు. ఆ పేరే ఆవిడకి అన్నం పెట్టేది.

రెండువేల ఒకటో సంవత్సరం, ఆషాఢంలో ఒక మంగళవారం. ఎదురు బంగళాలో షూటింగు. గోడ గడియారంలో పది నలభై కావస్తోంది, పుష్పవల్లి టైపు చేసుకుంటోంది. ఉన్నట్టుండి ట్యూబులైటు కళ్ళు చెదిరేలా వెలిగింది. ఫ్యాను గదిని ఎత్తుకుపోతుందా అన్నట్టు తిరిగింది. మానిటరు టప్పుమంది. కాలిన వాసన.

"ఓ పుష్పా! నా టీవీల పొగొస్తుందే!" అని కింద నుంచి కొమురమ్మ కేక.

పుష్పవల్లి స్విచ్చులన్నీ ఆపేసి బాల్కనీలోకి పరుగెత్తింది. బంగళా గేటులోంచి చెయ్యంత లావు నల్ల కేబులు ఒకటి గోడ వెంట పాకుతూ వెళ్ళి కరెంటు స్తంభం వెనక మాయమైంది. అంతే, ఆవిడకి అంతా అర్థమైపోయింది.

"కరెంటు తీగకి కొక్కెం వేశారు దొంగలు!"

"కొక్కెమో కాదో నాకెరుక లేదు. కొండమీది బంగ్లల సాఫ్ట్‌వేరు కంపెనీ పెడుతున్నరంట, గా కంపెనీకి కొత్త లైను గుంజుతున్నరు. లైన్‌మన్ బాలనర్సయ్య పొద్దుగాల నిచ్చెన మోసుకపోంగ జూసిన," అంది కొమురమ్మ.

పుష్పవల్లి కరెంటాఫీసుకి అర్జీ రాసింది. లైను పని వల్ల కాలిందని రాసింది. షూటింగు వాళ్ళు కొక్కెం వేయగా చూశాననీ రాసింది. రెంటిలో ఏదో ఒకటి తగలకపోదు కదా అనుకుంది. కొమురమ్మ టీవీని కూడా అందులోనే చేర్చింది.

వారం తర్వాత ఆఫీసుకి వెళ్తే అసిస్టెంటు ఇంజినీరు కమలాకర్ ఒక రిజిస్టరు తీసి ఆవిడ ముందు పెట్టాడు. స్తంభం ఎక్కే ముందు లైను ఆపించి అందులో రాసుకోవాలట.

"సూడుండ్రి మేడమ్. ఆ రోజు మీ గల్లీల మా పనే లేదు. మీరే రాసిన్రు గదా, షూటింగోళ్ళు కొక్కెం ఏసిన్రని. పోయి వాళ్ళనే అడగండి."

"లైను పని అని కూడా రాశాను కదండీ!"

"చూసిన అని కొక్కెం దగ్గర రాసిన్రు. లైను పని దగ్గర రాయలే. సరే, కాలిన కంప్యూటరు తెచ్చి ఈడ పెట్టుండ్రి, పరీక్ష చేస్తం."

"డబ్బా తెస్తాను, అందులో హార్డు డిస్కు మటుకు ఇవ్వను. నలుగురి కథలున్నాయి దాంట్లో."

"కథలు మేమేం చేసుకుంటమమ్మా?"

"మీ బావమరిది నిర్మాతేమో, నాకేం తెలుసు?"

ఆఫీసంతా నవ్వింది. పుష్పవల్లి నవ్వలేదు. మెషిను లేక అప్పటికే వారం. ఒక రచయిత యూసుఫ్‌గూడ సెంటరుకి కాగితాలు పట్టుకుపోయాడు. ఇంకో వారం గడిస్తే మిగిలిన ఇద్దరూ అదే దారి పడతారు. కంప్యూటర్ల షాపువాడేమో, అర్జీ తీసుకున్నట్టు కరెంటాఫీసు ముద్ర ఉన్న రసీదు చూపిస్తేనే ఇంకో మెషిను అరువిస్తానన్నాడు. ముద్ర మాట ఎత్తితే కమలాకర్ ఫోను ఎత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గదిలోకి ఒక అమ్మాయి దూసుకొచ్చింది. జీన్సు పాంటు, చంకలో లావుపాటి నోటు పుస్తకం. ఎదురు బంగళా షూటింగులో అసిస్టెంటు డైరెక్టరు, పేరు అరుణజ్యోతి.

"ఏందాంటీ, మేం కరెంటు దొంగలమా? మీ అర్జీ పట్టుకుని ఆఫీసోళ్ళు మా మేనేజరు దగ్గరికొచ్చిన్రు. ఆయన నన్ను పట్టుకుని దులిపిండు!"

"ఆ లావు కేబులు స్తంభం దగ్గరికి ఎందుకు వెళ్ళిందమ్మా మరి?"

"స్తంభం వెనకాల మా జనరేటరు వ్యాను ఉంది గద! స్తంభం చూసిన్రు, వ్యాను చూడలేదా? అసలు ఆ స్తంభం వల్లనే మా షాటు రెండుసార్లు పాడైంది. దాని మీద మనిషి ఎక్కి కూసున్నడు!"

పుష్పవల్లి కుర్చీలోంచి లేచింది.

"ఎవరు? ఎన్నింటికి?"

అరుణజ్యోతి పుస్తకం తెరిచింది. షూటింగులో ఏ షాటు ఎన్నింటికి తీశారో, ఎందుకు పాడైందో, ఎవరి జడ ఎటువైపు ఉందో అన్నీ రాసుకోవడమే ఆ పిల్ల పని. తర్వాతి షాటులో తేడా రాకూడదు కదా. అందులో ఇలా ఉంది: 'షాట్ నాలుగు, టేక్ రెండు. వెనక స్తంభం మీద లైన్‌మన్. పనికిరాదు. పది నలభై.' పక్కన జడ గుర్తు కోసం తీసిన ఫోటో అంటించి ఉంది. జడ వెనక స్తంభం, స్తంభం మీద ఆకుపచ్చ తువ్వాలు తలకి చుట్టుకున్న బాలనర్సయ్య.

"ఇది ఇప్పుడే రాసుకొచ్చావేమో," అంది పుష్పవల్లి. ముందు పేజీ, వెనక పేజీ తిప్పింది. సిరా చూసింది. ఫోటో అంచు గోటితో గీకింది.

"అయిందా పోలీసు పని? ఫోటో ఇస్తా, పేజీ జిరాక్సు ఇస్తా. ముందు మాకు ఒక కాగితం రాసియ్యండి."

"ఏమని?"

"మీరు కొక్కెం చూడలేదని."

ఊళ్ళో వాళ్ళందరి మాటలూ వేలసార్లు కొట్టిన చేతికి ఆ ఒక్క వాక్యం రాయడానికి అరగంట పట్టింది. కొమురమ్మ గుమ్మంలో నిలబడి, "రాయరాదే, కలం కరుస్తదా?" అంది. చివరికి రాసింది: 'నేను కేబులు చూశాను. కొక్కెం చూడలేదు. అనుకున్నాను.' కింద సంతకం పెట్టేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి.

ఆ రోజే మళ్ళీ కరెంటాఫీసు. కమలాకర్ ఫోటో చూశాడు, జిరాక్సు చూశాడు. బాలనర్సయ్యని పిలిపించాడు. అతను పర్మినెంటు కాదు, కాంట్రాక్టు మనిషి. తలకి అదే ఆకుపచ్చ తువ్వాలు.

"ఎవర్నడిగి ఎక్కినవ్‌రా నువ్వు? లైను ఆపకుండ, రిజిస్టరుల రాయకుండ?"

బాలనర్సయ్య నోరు తెరిచాడు. కమలాకర్ ముఖంలోకి చూశాడు. మూసుకున్నాడు.

ఆ చూపు పుష్పవల్లి కనిపెట్టింది. ఎక్కమన్నవాడు ఈ బల్ల అవతలే కూర్చున్నాడని ఆవిడకి అనుమానం కాదు, గట్టి అనుమానం.

"మేడమ్, ఒక పని చేయుండ్రి," అన్నాడు కమలాకర్ గొంతు తగ్గించి. "లైన్‌మన్ సొంత ఇష్టంతో ఎక్కి వైరు తప్పుగ కలిపిండు అని రాసియ్యండి. ఇప్పుడే ముద్ర ఏస్తా."

ముద్ర బల్ల మీదే ఉంది. దాని వెనక కొత్త మెషిను, మిగిలిన ఇద్దరు రచయితలు. బాలనర్సయ్య తువ్వాలు విప్పి చేతిలో నలుపుతున్నాడు.

"అది నేను చూడలేదండీ," అంది పుష్పవల్లి. "పది నలభైకి స్తంభం మీద మనిషి ఉన్నాడు. ఆ సమయానికే మా కంప్యూటరు కాలింది. అంతవరకే రాస్తాను. ఆయన్ని ఎవరెక్కించారో మీరే విచారించి రాసుకోండి. తెలుసుకోవడానికి నాకూ ఆత్రంగానే ఉంది."

 కమలాకర్ మళ్ళీ ఫోటో వంక చూశాడు. విచారణ మొదలైతే ఎక్కడ ఆగుతుందో లెక్క వేసుకున్నట్టున్నాడు. రసీదు మీద ముద్ర వేశాడు.

షాపువాడు మెషిను ఇచ్చాడు. ఇద్దరు రచయితలు నిలిచారు, యూసుఫ్‌గూడ వెళ్ళినాయన మాత్రం మళ్ళీ రాలేదు. పరిహారం కార్తీకంలో వచ్చింది. మానిటరుకి, డబ్బాకి ఇచ్చారు. కొమురమ్మ టీవీ పాతదని సగమే ఇచ్చారు. "సగం బొమ్మ చూడుమంటరేమో," అంది కొమురమ్మ.

ఆ నెలలోనే బాలనర్సయ్య స్తంభం మీద వైరు బిగించడానికి వచ్చాడు. ఈసారి లైను ఆపించి వచ్చాడు. పుష్పవల్లి కింద నిలబడి, తనూ కొత్తగా కొనుక్కున్న నోటు పుస్తకం తెరిచింది. 'ఎక్కింది పది ఇరవై' అని రాసుకుంది.

"ఏందమ్మా, గిది గూడ రాస్తున్నవా? నన్ను నమ్మవా?" అన్నాడతను పైనుంచి.

"నమ్మకం సంగతి తర్వాత చూద్దాం నాయనా. కనపడింది రాసుకుంటున్నా. నువ్వు జాగ్రత్తగా దిగు, అది కూడా రాసుకోవాలి."