సెన్సర్‌కి కృతజ్ఞత ప్రార్థన

మా వీధి చివర టిఫిన్ సెంటర్లో పెసరట్టుకి అల్లం పచ్చడి ఈమధ్య మరీ ఎక్కువ వేస్తున్నారు. వేసేది ఎప్పుడూ అంతేననీ, తినేవాళ్లే ఒకరు తగ్గారనీ సర్వర్ అభిప్రాయం. నిజమే. నా ప్లేటులోంచి సగం పచ్చడి తీసుకునే మిత్రుడు రావడం మానేశాడు.

రాజమండ్రిలో ఓ అద్దె షెడ్డులో మేమిద్దరం కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే సెన్సర్ చేశాం. గీజరో జనరేటరో వదిలే ఆ గ్యాస్‌కి రంగూ వాసనా ఉండవు. సెన్సర్ లోపల కాస్త ఆసిడ్ ఉంటుంది; గ్యాస్ తగిలితే కరెంటు పుడుతుంది. కానీ మా గోదావరి గాలికి ఆ ఆసిడ్ తేమ తాగి, ఉబ్బి, కారిపోయేది. ఉబ్బినప్పుడు పోవడానికి ఓ ఖాళీ అర, మళ్లీ వెనక్కి పీల్చడానికి ఓ వత్తి పెడదామన్నది అతని ఆలోచన. పేటెంటు అడిగింది దానికే. పరీక్ష కోసం వాన రోజుల్లో కిటికీలన్నీ తీసి కూర్చునేవాళ్లం. ఊళ్లో ముసురు పట్టాలని కోరుకున్నది మేమిద్దరమే అనుకుంటాను.

వాళ్లింట్లో బండి కొన్నా, ఫ్రిజ్ కొన్నా చర్చిలో కృతజ్ఞత ప్రార్థన ఉండాల్సిందే. పేటెంటుకి దరఖాస్తు పెట్టడానికి ముందు ఆదివారం మా సెన్సర్ పెట్టెనీ తీసుకెళ్లారు. ప్రార్థనయ్యాక ఓ పెద్దాయన, "లోపలేముంది బాబూ?" అన్నారు. ఇతను మూత తీసి, అరా వత్తీ చూపించి, సంఘమంతటికీ విడమరిచి చెప్పాడు. అంత బాగా మా దరఖాస్తులో కూడా రాయలేకపోయాం. ఎవరో వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు.

మా పేటెంటు ఇవ్వొద్దని అడ్డం పడ్డ ఓ కంపెనీ ఆ వీడియోనే చూపించింది. ముందే నలుగురికీ చెప్పేసిన సంగతి కొత్తదెలా అవుతుందని వాళ్ల వాదన. అది తెలిసిన రోజు నేను, "మన సెన్సర్‌కి ఆమెన్ అన్నవాళ్లు బాగానే ఉన్నారండి" అని ఊరుకున్నాను. అతనూ నవ్వాడు. మర్నాటి నుంచి షెడ్డుకి రాలేదు. తర్వాత పేటెంటూ రాలేదు. పేటెంటు లేకుండా ఇన్నేళ్లూ బతికాను కాబట్టి దానికి అలవాటు పడ్డాను. అతని స్టూలు మీద మాత్రం ఏ సామానూ పెట్టబుద్ధి కావడం లేదు.

మొన్న కడియంలో వాళ్ల నర్సరీకి వెళ్లాను. మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు.

"వత్తి మార్చి ఇంకోటి చేద్దామండి. రేపు రండి" అన్నాను.

పైపు కింద పెట్టలేదు.

"మూత తీసింది నేనేనండి. మీరేమో జోకేసి ఊరుకున్నారు. గట్టిగా తిట్టుంటే మర్నాడే వచ్చేవాణ్ణి."