సత్తెమ్మ వేలికి చుట్టుకున్న జుట్టు

మా చిన్నప్పుడు... గునుపూర్ దగ్గర మా ఊళ్ళో, మధ్యాహ్నం గంజి తాగి అరుగు మీద కూర్చుంటే చాలు, నా కుడిచెయ్యి దానంతటదే చెవి వెనక్కి వెళ్ళిపోయేది. ఒక పాయ పట్టుకుని చూపుడువేలికి చుట్టడం... విప్పడం... మళ్ళీ చుట్టడం. సాయంత్రానికి అది పీచులా చిక్కు పడిపోయేది.

"ఏటే గుంటా, మళ్ళీ సెయ్యి నెత్తి మీదకెళ్ళింది! ఆ ఏలు ఇరిసేత్తాను సూడు!" అని అమ్మ దువ్వెన పట్టుకుని వచ్చేది. నేను ఏడుపు.

పక్కింటి పిన్ని గోడ మీంచి చూసి నవ్వేది. "ఈ గుంటకి పెళ్ళిలో ఉంగరం ఎట్టక్కర్నేదు. ఆ జుట్టే సాలు!"

అమ్మ చెయ్యని వైద్యం లేదు. ఆముదం కారేలా రాసి బిగించి జడలేసింది. వేలికి వేపాకు ముద్ద పెట్టి గుడ్డ కట్టింది. గుడ్డతోనే చుట్టుకునేదాన్ని... ఆఖరికి అమ్మవారికి మొక్కుందని చెప్పి నాకు గుండు చేయించింది. మొక్కూ లేదు ఏమీ లేదు, ఆ అలవాటు మాన్పించాలనే.

గుండు చేయించిన మర్నాడు అమ్మ పక్కన పడుకున్నాను. చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. వేలు ఊరికే తడుముకుంటోంది... అమ్మ చూసింది. తన ముడి విప్పి, జుట్టు చివర నా చేతిలో పెట్టి, అటు తిరిగి పడుకుంది.

"నాది సుట్టుకో. సిక్కడితే నానే తీసుకుంతాను" అంది.

అప్పట్లో ఊడిన జుట్టు ఎవరూ పారేసేవారు కాదు. ఉండ చుట్టి గోడ సందులో దాచేవారు. పూసలూ పిన్నులూ అమ్మే ఆవిడ గంపతో వస్తే ఆ జుట్టు ఇచ్చి పిన్నులు తీసుకునేవాళ్ళం. ఆవిడ దాంతో సవరాలు కట్టి అమ్ముకునేది. అందరిళ్ళలో ఉన్నదే. నాకూ అలాగే అలవాటయింది...

పెళ్ళయ్యాక లక్ష్మీపూర్ వచ్చేశాను. మా ఆయనకి బ్లాకాఫీసులో బంట్రోతు పని. మాకు ఒక్కతే కూతురు, సత్తెమ్మ. మూడేళ్ళ వయసులోనే చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది! ఎవరూ నేర్పలేదు. నాది కుడిచెయ్యి, దానిది ఎడమచెయ్యి, అంతే తేడా.

దాన్ని తిట్టకూడదనే అనుకున్నాను. తిట్టలేదు కూడా... రెండో క్లాసుకొచ్చేదాకా. బడిలో పంతులమ్మని అక్కడ గురుమా అంటారు. ఆ గురుమా పిలిచి, పిల్ల పలక వదిలేసి జుట్టు చుట్టుకుంటోందనీ, పేలు కూడా ఉన్నాయనీ అందరి ముందూ చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, ఎర్ర రిబ్బనుతో ఉన్న జడ ఉన్నట్టే కత్తిరించేశాను.

ఆ మర్నాడు సంత. అక్కడా ఒక పిన్నుల ఆవిడ కనబడింది. జడ ఇచ్చేశాను. ఇంత పొడుగు జుట్టు ఎక్కడిదని ఆవిడ మురిసిపోయి, పిన్నులతో పాటు ఒక ఎర్ర దువ్వెన కూడా ఇచ్చింది.

సత్తెమ్మ దువ్వెన చేత్తో పట్టుకుని, "దువ్వుకోడానికి జుట్టేదే అమ్మా?" అంది.

"పెరుగుతాదిలే అమ్మి!" అని పిన్నుల ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

పది రోజులు తిరక్కుండానే పిల్లకి జ్వరం పట్టుకుంది. మా కొండల్లో చలిజ్వరం సంగతి ఆ వైపు వాళ్ళకి తెలుసు. బస్సులో రాయగడ తీసుకెళ్ళాం. పిల్ల తల నా ఒళ్ళో ఉంది. కళ్ళు మూసుకునే ఉంది గానీ, ఎడమచెయ్యి లేచి చెవి వెనక వెతుక్కుంటోంది. పొట్టి వెంట్రుకలు వేలికి నిలవడం లేదు...

నాకు అమ్మ గుర్తొచ్చింది. నా ముడి విప్పేసి చేతికిచ్చాను.

"లాగితే నొప్పెట్టదా?"

"నెప్పెట్టదు తల్లీ. సుట్టుకో."

మూడు చుట్లు చుట్టుకుంది. ఆసుపత్రిలో కూడా వదల్లేదు. మూడో రోజు ఆ వేలిని నా జుట్టులోంచి నేనే విప్పాను.

ఆ తరవాత ఆ పిన్నుల ఆవిడ కోసం ఎన్ని సంతలు తిరిగానో. బంధుగాం సంతలో దొరికింది. విషయం చెప్తే గంప పక్కన పెట్టి, సంచి మొత్తం నా ముందు కుమ్మరించింది. "అప్పుడే కలిపేసినానమ్మా... నీ గుంటది ఏదో నువ్వే ఎతుక్కో" అని తనూ కూర్చుంది. ఇద్దరం వెతికాం. వాసన చూశాను. అంతా నల్లగానే ఉంది... నా పిల్ల జుట్టు నేను గుర్తుపట్టలేకపోయాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఏ పెళ్ళికూతురి జడలోకో ఎల్తాదమ్మా. పాడయిపోదు" అంది.

ఆ మాట పట్టుకునే బతికాను. ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళికెళ్ళినా పెళ్ళికూతురి మొహం కాదు, జడ చూసేదాన్ని. ఎన్నేళ్ళో...

ఇప్పుడు ఇళ్ళలో గోడలకి సందులే లేవు. ఊడిన జుట్టు చెత్తబుట్టలో వేసేస్తున్నారు. నేను మాత్రం ఎర్ర దువ్వెన పళ్ళలో ఉన్న నాలుగు పొట్టి వెంట్రుకలు ఇప్పటికీ తియ్యలేదు.

నాకు అయిదో క్లాసు చదువే. ఇదంతా రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మీ ఇళ్ళలో జుట్టు చుట్టుకునే పిల్లలుంటే చుట్టుకోనివ్వండమ్మా... చిక్కులదేముంది, మనం తీసుకోవచ్చు. వాళ్ళు ఏ వేలికి చుట్టుకుంటారో కింద రాయండి, అన్నీ కూడబలుక్కుని చదువుతాను.

మా సత్తెమ్మది ఎడమచేతి చూపుడువేలు.