పెళ్లికొడుకుని బంధించిన అలారం

మొన్న మా బావమరిది శ్రీను పెళ్లిలో నా పరువు ఏమైందో ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. ఆ వీడియో క్యాసెట్ భీమవరంలో సగం ఇళ్లు తిరిగిందిట. అయినా నా నోటితో వినండి, పూర్తిగా వింటేనే న్యాయం.

రొయ్యల చెరువుల మీద ఏరేటర్లకి, మోటార్లకి వైరింగ్ అంతా నేనే చేసుకుంటానని మీకు తెలుసు కదండీ. అలాంటివాణ్ణి ఓ కారు అలారం బిగించలేనా? పెళ్లికొడుకు నా సెకండ్‌హ్యాండ్ కారులోనే వెళ్లాలని తేలగానే అలారం కొన్నాను. మెకానిక్‌ని పంపుతానని షాపువాడు అంటే వద్దులెండి అన్నాను.

కారుని ఎవరు కదిపినా సైరన్ మోగాలి, స్టార్టరు కట్ అవ్వాలి. అంతవరకూ అందరూ చేసేదే. నేను ఇంకో అడుగు ముందుకెళ్లి, సైరన్ మోగినంతసేపూ నాలుగు డోర్లూ లాక్ అవుతూనే ఉండేలా కలిపాను. లోపల దూరిన దొంగ బయటికి రాకూడదని. లోపలి లాక్ బటన్లు కూడా కోసి పారేశాను. నాకు మతిమరుపు కాబట్టి, ఇంజను ఆపగానే అలారం దానంతటదే ఆన్ అయ్యేట్టు పెట్టాను. వాకిట్లో టెస్ట్ చేస్తే ఫస్ట్‌క్లాస్‌గా పనిచేసింది. మా ఆవిడకి నాలుగుసార్లు చూపించాను.

పెళ్లి నిడదవోలు దగ్గర పల్లెటూళ్లో. ఊరి మొదట్లోనే ఎదురుకోలు. బ్యాండు, హారతి పళ్లేలు, మగపెళ్లివారి కోసం ఊరంతా రోడ్డు మీదే ఉంది. కారు ఆపి, తాళం చేత్తో పట్టుకుని దర్జాగా దిగాను. వెనకసీట్లో బాసికం కట్టుకున్న శ్రీను. వాడి డోరు తీద్దామని చెయ్యి వేశానో లేదో, ఆడపెళ్లివారు టపాకాయల సరం అంటించారు.

నేల అదిరింది. సైరన్ అందుకుంది. డోర్లన్నీ టకాటకా పడిపోయాయి.

ఆపేద్దామని రిమోట్ కోసం తడుముకుంటే ఒంటిమీదున్నది పట్టు లాల్చీ. రిమోట్ భీమవరంలో, విప్పేసిన చొక్కా జేబులో ఉంది. సరే, తాళం తిప్పితే లాకు లేస్తోంది, హ్యాండిల్ మీదకి చెయ్యి వెళ్లేలోపు మోటారు మళ్లీ కిందికి లాగేస్తోంది. టపాకాయలకి దూరంగా పోనిద్దామని డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పితే స్టార్టరు కట్. ఆడపెళ్లివారేమో సైరన్ కూడా మా ఏర్పాటే అనుకుని, ముచ్చటపడి ఇంకో సరం అంటించారు. అవతల పురోహితుడుగారు ముహూర్తం దాటిపోతోందని కబురు మీద కబురు.

కిటికీలోంచి దిగరా అన్నాను శ్రీనుతో. వాడు తల బయటపెట్టగానే పెళ్లికూతురి నాయనమ్మగారు అడ్డం వచ్చేశారు.

“కుడికాలు ముందు పెట్టి దిగాలి నాయనా. తలకాయ ముందొస్తే నేనొప్పుకోను.”

వాడు బుద్ధిగా తల లోపలికి లాక్కుని కుడికాలు బయటికి పెట్టాడు. అంతే, పంచె కిటికీ హ్యాండిల్‌కి చుట్టుకుంది. కాలు కనపడిందే చాలని పెళ్లికూతురి అన్న చెంబుతో నీళ్లు పోసి ఆ ఒక్క కాలూ కడిగేశాడు. వీడియో ఆయన మాత్రం దగ్గరికొచ్చి మరీ తీశాడు.

ఇక లాభం లేదని డ్రైవర్ కిటికీలోంచి నేనే దూరాను. నా తల స్టీరింగ్ కింద, కాళ్లు ఊరి జనం ముందు. సైరన్ వైరు ఒక్కటి పీకితే చాలు, అది ఎర్రది. కానీ నా దగ్గరున్నది ఒక్క ఎర్ర వైరు చుట్టేనండి, వైరింగ్ మొత్తం దాంతోనే చేశాను. అక్కడున్నవన్నీ ఎర్రవే. గుప్పెటనిండా పట్టుకుని పీకేశాను. సైరన్ ఆగింది. తాళం తిప్పితే డోరు కిక్కురుమనకుండా తెరుచుకుంది. శ్రీను కుడికాలు నేల మీద పెట్టాడు, ముహూర్తం దక్కింది.

నేను లాల్చీ దులుపుకుని, వైరింగ్ మాత్రం పక్కాగా ఉందండీ, ఒక్క డోరు తెరుచుకుందా చూశారా అన్నాను. పెళ్లికూతురి నాన్నగారు తాపీగా నా దగ్గరికొచ్చారు.

“పెళ్లికొడుకు పారిపోతాడేమోనని భయపడాల్సింది మేము కదండీ. ఆ జాగ్రత్త మీరు పడ్డారేంటి?”

పక్కనెవరో వెండి గ్లాసు పట్టుకుని నిలబడితే, అందుకుని గడగడా తాగేశాను. అది పెళ్లికొడుక్కి తెచ్చిన పానకంట.