మా ఆయన ఉన్ని తొడుగులు వెనక్కి తెచ్చుకున్నాను

ఒళ్లు మండి రాస్తున్నాను. మా ఆయన కిరండూల్‌లో రైలు పట్టాలు చూసే కీమ్యాన్. ఈ చలికి పొద్దున్నే సుత్తి పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయని పన్నెండు రోజులు కూర్చుని ఉన్ని తొడుగులు అల్లాను. నాలుగు వేళ్లకూ కలిపి ఒక సంచి, బొటనవేలికి వేరే గూడు. ఆ గూడునే మూడుసార్లు విప్పి అల్లాను.

ఈ రోజు తనిఖీకి వచ్చిన అధికారి వాటిని చూసి ముచ్చటపడి, అడిగి తొడుక్కుని, అలాగే జీపెక్కి వెళ్లిపోయాడట! మా ఆయన ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

"ఊరుకోవే, పెద్దోరు. ఇంకో జత అల్లీ," అన్నాడు.

"నీకేటి, నొప్పి నా వేళ్లకి కదేటి!" అని చెప్పులేసుకుని ఆ అధికారి దిగిన గెస్ట్‌హౌస్‌కి వెళ్లాను.

వరండాలో ఆయన టీ తాగుతున్నాడు. తొడుగులు బల్ల మీద ఉన్నాయి.

"సార్, అవి మా ఆయనవి," అన్నాను హిందీలో.

"అరే, గిఫ్ట్ అనుకున్నానమ్మా."

"ఎవరిచ్చారు సార్?"

ఆయన తీసి ఇచ్చాడు. అంతటితో ఆగాడా? "నాకూ ఒక జత అల్లిపెట్టు," అన్నాడు.

"రేపు సూదులూ ఉన్నీ తెస్తాను సార్, కూర్చోండి. నేర్పిస్తాను."

టీ తెచ్చినాయన గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

బదిలీ చేసేస్తారని మా ఆయన భయం. అన్నం కూడా సరిగా తినలేదు. చెప్పండి, మీరైతే ఊరుకునేవారా?